మూడో పిలుపు తర్వాత

పిలుపు నంబర్ 609

ఈ పుస్తకంలో నేను రాయాల్సినవి నాలుగే. పేరు, వయసు, తారీకు, తల తిప్పారా లేదా. చివర్లో రిమార్కుల గడి ఒకటుంది. ఆరేళ్లుగా అది ఖాళీగానే పోతోంది. కాగితం దండగ కదా అని ఇవాళ్టి నుంచి అందులో నాలుగు ముక్కలు రాద్దామనుకున్నాను. గడి చాలకపోతే వెనక పేజీ ఉంది. పైవాళ్లు ఎలాగూ చదవరు. చదివినా నన్ను పీకేసి ఇలాంటి గొంతు ఇంకొకటి తెచ్చుకోగలరా?

నా పేరు పంచాది లోకనాథం. ఒకప్పుడు ఆటోకి మైకు కట్టుకుని చీరల సేళ్లు, సర్కస్‌లు, తప్పిపోయిన మేకలు, అన్నీ చాటేవాణ్ణి. నిలువు జ్వరం వచ్చాక చీరలు కొనేవాళ్లూ లేరు, సర్కస్ చూసేవాళ్లూ లేరు. ఇప్పుడు ఉప్పుమడుల పక్కన ఈ దింపుడు షెడ్డులో పిలుపరిగా పనిచేస్తున్నాను. మోతవాళ్లు రోగిని యార్డులోంచి తెచ్చి నా ముందు దింపుతారు. నేను ముఖానికి గాజు తొడుగు పెట్టుకుని, చెవి దగ్గర వంగి, రిజిస్టర్లో ఉన్న పేరు పెట్టి మూడుసార్లు పిలుస్తాను. తల తిప్పితే ప్రాణం ఉన్నట్టు, మందుల వార్డుకి పంపుతారు. తిప్పకపోతే పోయినట్టు, వెనక కొలిమికి పంపుతారు. వెనకటికి పాడెను దారి మధ్యలో దించి, పోయినవాళ్ల చెవిలో పేరు పెట్టి పిలిచేవారు కదా, దింపుడు కళ్లం దగ్గర? దాన్నే ప్రభుత్వం పట్టుకుంది. కళ్లు తెరుచుకుని నడుస్తున్న మనిషి బతికున్నాడో లేడో చెప్పే మిషన్ ఎవరి దగ్గరా లేదు మరి.

ఇవాళ మజ్జి కనకదుర్గాభవాని, ముప్పై నాలుగేళ్లు. ఎంతసేపూ తన ముంజేయి తనే నాకుతోంది. ఈ జ్వరం పురుగు ఉప్పు మీద బతుకుతుంది, అందుకని వీళ్లంతా గోడలూ చేతులూ నాకుతుంటారు. జనం వీళ్లని మొద్దులంటారు. నాకా మాట నచ్చదు. మూడుసార్లూ గంట కొట్టినట్టు పిలిచాను. తిప్పలేదు.

పిలుపు నంబర్ 610

ఇంట్లో మారు పులుసులో మళ్లీ బెల్లం ఎక్కువేసింది. అరిచాను. ఎందుకు అరిచానో నాకే తెలీదు, తప్పు నాది. మా ఆవిడ పులుసులో బెల్లం వేసేదని నేనే కదా టేపులో చెప్పాను. ఎంత వేసేదో చెప్పలేదు.

మారుల సంగతి తెలియనివాళ్లు లేరు గానీ రాస్తున్నాను కాబట్టి రాస్తాను. మూడో పిలుపుకీ తిరగని మనిషి ఒంట్లోంచి చిటికెడు కండ తీసి మొలక కేంద్రానికి పంపుతారు. అక్కడ తొట్టెల్లో పద్నాలుగు నెలల్లో అదే మనిషిని పెంచుతారు. నేర్పాల్సినవన్నీ మనం టేపుల్లో చెప్పాలి. ఒక పేరుకి ఒక ప్రాణమే అని చట్టం. అసలు మనిషి ప్రాణం పోయిందని నా సంతకం పడితేనే ఆ పేరు మారుకి దక్కుతుంది. విడుదలైన ప్రాణం అదే పేరున్న ఒంట్లోకి వచ్చి చేరుతుందని పంతుళ్లూ పాస్టర్లూ మౌల్వీలూ ఒకే స్టేజీ ఎక్కి చెప్పారు. వాళ్లు ఒకమాట మీదకి రావడం నేను చూడటం అదే మొదటిసారి. నేనూ నమ్మాను. నమ్మకపోతే ఈ పని చేసి అన్నం ఎలా తింటాను?

మా ఆవిడ నంబర్ 207. పోయేనాటికి యాభై ఒకటి. మారుకి చూడబోతే ముప్పై కూడా ఉండవు, మా పెళ్లయిన కొత్తలో లాగా. ఇంటికొచ్చి మూడేళ్లవుతోంది. మా ఆవిడ జన్మలో నా పేరెత్తలేదు. ఈవిడ వచ్చిన రోజు నుంచీ "లోకనాథం గారూ" అంటుంది. మా ఆవిడకి పిల్లి అంటే అసహ్యం, ఈవిడ మూడింటిని చేరదీసింది. మాట కూడా మొలక కేంద్రంలో ఆయాల మాటే. ముఖం చూస్తే మా ఆవిడే, నోరు విప్పితే ఎవరో పరాయి మనిషి.

పిలుపు నంబర్ 611

ఇవాళ్టిది గడిలో పట్టదు, వెనక పేజీలో రాస్తున్నాను.

బొడ్డేపల్లి హరిశ్చంద్రప్రసాద్, నలభై రెండేళ్లు, ఉప్పుమడుల్లో కూలి. పిలిచాను. మూడుసార్లూ కదల్లేదు. "తిరగలేదు" అని రాసి సంతకం పెట్టాను. మోతవాళ్లు నడుముకి తాడు వేస్తున్నారు. అప్పుడు కంచె అవతల నుంచి ఒక ముసలమ్మ గొంతు చించుకుంది.

"ఒరే గుండోడా! ఒరే నాయినా, ఎక్కడికెల్తన్నావురా!"

అతను తల తిప్పాడు. ముందు తల, తర్వాత భుజాలు, తర్వాత మొత్తం ఒళ్లు. తాడు పట్టుకున్నవాడు తూలి పడ్డాడు. కంచె వైపు రెండడుగులు వేశాడు.

బంధువుల్ని షెడ్డు దరిదాపులకి రానివ్వకూడదని రూలు. వాళ్ల కన్నీళ్లకీ ఊపిరికీ అంటుకుంటుందని. ఈ ముసలమ్మ చెరువు గట్టున పడి, ముళ్లలో దూరి వచ్చింది. కాళ్లంతా నెత్తురు.

"ఏటమ్మా అలా పిలిచినావు?" అని అడిగాను.

"ఏటని పిలవాల బాబూ? పుట్టినప్పుడు గుండులా ఉన్నాడని గుండోడన్నాం. ఆ పెద్ద పేరు బళ్లో మేస్టారు పెట్టినాడు, నాకు నోరు తిరగదు. ఆడికీ తెల్దు, సంతకం పెట్టమంటే ఏలిముద్రే ఏసీవాడు."

అతన్నీ, వెంటపడ్డ ముసలమ్మనీ మందుల వార్డుకి పంపించాను. పుస్తకంలో "తిరగలేదు" కొట్టేసి "తిరిగాడు" అని రాశాను. ఈ పుస్తకంలో కొట్టివేత ఇదే మొదటిది.

పిలుపు నంబర్ 612 (పిలవలేదు)

పొద్దున్నే డాక్టర్ ఎస్తేరు దగ్గరికి వెళ్లాను. వార్డంతా ఆవిడ ఒక్కతే చూసుకుంటుంది. కుర్చీలో కూర్చుని నిద్రపోతుంటే లేపి అడిగాను, ఈ పురుగు తలలో చేసే పనేమిటో నాకర్థమయ్యేలా చెప్పమ్మా అని.

"ముక్కులోంచి వాసన నరం పట్టుకుని పైకెక్కుతుందండీ. జ్ఞాపకాల్ని చంపదు, వాటి మీద పొర కడుతుంది. వేరుశనగ గుళ్ల మీద పాకం గట్టిపడినట్టు. కొత్త జ్ఞాపకం మెత్తగా ఉంటుంది కాబట్టి అక్కడ మొదలుపెడుతుంది. అక్కణ్ణుంచి వెనక్కి పోతుంది. ఏ కాస్త పొర కట్టకుండా మిగిలినా మందు పనిచేస్తుంది."

"అంటే నిన్నటి సంగతి ముందు పోతాది, ఉయ్యాల్లో సంగతి ఆఖర్న పోతాది."

"అంతే."

"బళ్లో వేసినప్పుడు పెట్టిన పేరు?"

ఆవిడ లేచింది. బీరువాలోంచి పాత రిజిస్టర్ తీసింది. జ్వరం వచ్చిన మొదటి ఏడాది బంధువులే వచ్చి పిలిచేవారు. పదిమందిలో నలుగురు తిరిగారు. రెండో ఏడాది బంధువుల్ని మాన్పించి నాలాంటివాళ్లని పెట్టారు. అప్పట్నుంచి ముప్పైమందిలో ఒకరే తిరిగారు. వైరస్ ముదిరిందని అప్పట్లో పేపర్లలో రాశారు. ఆవిడా అలాగే రాసిందట.

ఇద్దరం ఆ అంకెలు మళ్లీ మళ్లీ లెక్కవేశాం. వైరస్ ముదరలేదు. చిట్టి, బుజ్జి, పండు, బుల్లోడు అని పెరిగిన మనుషుల దగ్గరికి నేను వెళ్లి, వాళ్లు మర్చిపోయిన పేర్లు పెట్టి, ఎంత స్పష్టంగా పిలిచాను! మైకు అక్కర్లేని గొంతని మెచ్చుకుని నాకు శాలువా కూడా కప్పారు.

ఇంటికి రాలేదు. ఉప్పుమడుల గట్టు మీద కూర్చుని ఏడ్చాను. ఇప్పుడు రాయక తప్పదు. మా ఆవిడ పేరు రాజేశ్వరి. పుట్టింట్లో గున్నా అనేవారు, పొట్టిగా ఉండేదని. పెళ్లిలో వాళ్లక్క అలా పిలిస్తే నేను నవ్వాను. తర్వాత ముప్పై రెండేళ్లు ఇదిగో, ఏమే, వినపడుతోందా, ఇవే నా పిలుపులు. పెళ్లాన్ని పేరు పెట్టి పిలిచే అలవాటు మా ఇళ్లలో ఎవరికుంది? ఆ రోజు ఆవిణ్ణి నా ముందు దింపితే, రూలు ప్రకారం, చాటింపు గొంతుతో, "పంచాది రాజేశ్వరీ" అని మూడుసార్లు పిలిచాను. నా నోటి నుంచి ఆ పేరు వినడం ఆవిడకదే మొదటిసారి. ఎవడో అనుకుని ఉంటుంది.

పిలుపు నంబర్ 612 (నేడూ పిలవలేదు)

గొంతు పోయిందని సెలవు చీటీ రాసిచ్చాను. యార్డులో ముప్పై ఎనిమిది మంది ఉన్నారు. నేను పిలిస్తే వాళ్లు చస్తారు. పిలవకపోతే ఇంకొన్ని రోజులు గోడలు నాకుతూ ఉంటారు, పొర మాత్రం వెనక్కి వెనక్కి పాకుతూనే ఉంటుంది.

డాక్టరమ్మ పైవాళ్ల బోర్డుకి ఉత్తరం రాసింది. జవాబు సాయంత్రానికే వచ్చింది, వాళ్ల చురుకుతనం చెడ్డవాటికే. ఒక రోగి తల్లి కేకకి తల తిప్పడం కాకతాళీయమట. రూలు మార్చాలంటే పాత కేసు ఒకటి తిరగతోడాలి. పిలుపు తప్పు పేరుతో జరిగిందని, ప్రాణం ఉండగానే పోయినట్టు రాశారని ఆ కుటుంబం వాళ్లే ఫిర్యాదు ఇవ్వాలి. పిలుపరి ఒప్పుకుని సంతకం చేయాలి. అప్పుడు ఆ ఒక్క సర్టిఫికెట్ రద్దవుతుంది, రూలూ మారుతుంది. కింద చిన్న అక్షరాల్లో ఇంకోటుంది. సర్టిఫికెట్ రద్దయితే ఆ పేరు మీదున్న మారు ప్రాణం లేనిదిగా లెక్క. వెనక్కి తీసుకుపోయి నిద్రపుచ్చుతారు.

పిలుపు నంబర్ 612 (గొంతు ఇంకా బాగుపడలేదు)

మూడిళ్లకి వెళ్లాను. మూడూ నేను సంతకం పెట్టిన ఇళ్లే. మొదటి ఇంట్లో తలుపే తీయలేదు. రెండో ఇంట్లో కుక్కని వదిలారు. మూడోది గార పాపినాయుడు మేస్టారి ఇల్లు. నంబర్ 344, ఆయన కూతురు, ఏడేళ్లు. ఆయన ఓపిగ్గా అంతా విన్నాడు. లోపల తాడాట ఆడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"మేం దాన్ని చిన్నారీ అనేవాళ్లం," అన్నాడు మేస్టారు. "మీరు ఏమని పిలిచారు?"

"గార వెంకట లక్ష్మీ ప్రసన్న."

గోడకి ఆనుకున్నాడు. నన్ను కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"లోకనాథం గారూ, లోపల ఆడుకుంటున్న పిల్ల ఎవరంటారు? దానికి ప్రాణం లేదని కాగితం మీద రాయమంటారా? నిన్న దాని పన్ను ఊడింది. ఊడిందని ఏడ్చింది. నేను రాయలేను. మీరు వెళ్లండి."

నిజమే, నేనైతే రాస్తానా? ఇంటికి వస్తూ దారిపొడుగునా అదే అనుకున్నాను. ఈవిడ కంచాలు పెట్టి కూర్చుంది. ఆ ముఖం కేసి చూడలేక తల వంచుకుని తినేశాను. పులుసులో బెల్లం సరిపోయింది.

పిలుపు నంబర్ 612 (సెలవు నాలుగో రోజు)

నేను గట్టు మీదకి వెళ్లినప్పుడు తను ఈ పుస్తకం చదివింది. చదవడం నేర్పించింది నేనే. వచ్చేసరికి ముందు పెట్టుకుని కూర్చుంది.

"రాసీండి," అంది.

"ఏటి రాసేది?"

"పిర్యాదు. రెండొందల ఏడో నంబరుకి పిలిచినవోరూ మీరే, ఇంటివోరూ మీరే. ఇంకెవులి గుమ్మమూ ఎక్కక్కర్నేదు."

"నీకు మతి పోయిందా? నిన్ను తీసుకుపోతారు."

"సదివినాను కదా, సిన్నచ్చరాలు కూడా."

నేను రాయనన్నాను. చేతిలో ఉన్న గ్లాసు విసిరేశాను. పిల్లులు పారిపోయాయి. గ్లాసు తీసి కడిగి మళ్లీ నా పక్కన పెట్టింది.

"షెడ్డుకి క్యారేజీ ఇవ్వడానికెల్లినప్పుడు వార్డులో ఆ ముసలమ్మ కొడుక్కి గంజి తాపడం సూసినాను. అతగాడు మింగినాడు. మింగి, అమ్మా ఉప్పెక్కువైందన్నాడు. ఆ ముసల్ది నవ్విన నవ్వు మీరు సూడనేదు. యార్డులో ముప్పై ఎనిమిది మంది ఉన్నారు."

"వాళ్లు నాకేమవుతారు?"

"ఏటీ అవరు. నానూ మీకేటీ అవను కదా. మీ ఆవిడ పానం నాలోకొచ్చిందని సెప్పినారు, మీరు నమ్మినారు. నాకైతే ఎవురూ వొచ్చినట్టు నేదు. రాడానికి సోటెక్కడున్నాది? తొట్టిలో కళ్లు తెరిసినకాడ్నుంచీ నానే ఉన్నాను."

మూడేళ్లలో ఇంత మాట ఎప్పుడూ అనలేదు. ఆ ముఖంలో ఇన్నాళ్లూ వేరే మనిషిని వెతుకుతూ గడిపానని నాకప్పుడు తెలిసింది. సిగ్గుతో చచ్చిపోయాను.

"అయితే నువ్వెల్తే పోయేది నీ పానమే కదే," అన్నాను.

"అదే కదా సెప్తన్నాను. నాది కాబట్టే ఇస్తానంటన్నాను. ఆవిడిదైతే ఇయ్యడానికి నానెవుర్ని?"

నా జవాబు మాత్రం మారలేదు. రాయను.

పిలుపు నంబర్ 612 (ఆదివారం)

షెడ్డుకి నోటీసు అంటించారు. నా గొంతు బాగుపడే సూచనలు లేవు కాబట్టి గురువారం నుంచి కొత్త పిలుపరి వస్తాడట. రేడియోలో వార్తలు చదివినవాడట. రోజుకి పన్నెండు మందిని పిలవగలడట.

సాయంత్రం దాకా ఆ నోటీసు ముందే కూర్చున్నాను. యార్డులో ఒకావిడ కంచె నాకుతోంది. పేరేమిటని రిజిస్టర్ చూస్తే అందులో ఉన్నది నాలుగు పేర్లు గుచ్చిన దండ. ఎవరో ఒకరు ఆవిణ్ణి ఏదో ఒక పేరుతో లాలించే ఉంటారు. వాళ్లు గేటు బయటే ఉండుంటారు, లోపలికి రానివ్వక.

ఇంటికొచ్చాను. కాగితం, కలం బల్ల మీద ముందే సిద్ధంగా పెట్టి ఉన్నాయి.

రాశాను. రెండువందల ఏడో నంబర్ పంచాది రాజేశ్వరి భర్తనైన నేను, ఆమెకు తెలియని గొంతుతో, ఆమెను ఎవరూ పిలవని పేరుతో పిలిచి, ఆమె బతికుండగానే పోయినట్టు సంతకం చేశానని. నా అక్షరాలు నాకే కనిపించలేదు. తను పక్కన కూర్చుని తడి పడకుండా కాగితం జరుపుతూ ఉంది.

నంబర్ లేదు

బుధవారం రూలు మారింది. షెడ్డులో గాజు గోడ పెట్టారు, అవతల బంధువులు, ఇవతల రోగులు. నేను పిలవడం లేదు. తలుపు తీయడం, వేయడం నా పని. పొద్దున్నుంచి ఒకటే కేకలు. ఒరే బుజ్జిగా, అమ్మీ, ఒలే పిల్లా, చంటీ. ముప్పై ఎనిమిది మందిలో పంతొమ్మిది మంది తిరిగారు. ఒక ముసలాయన తిరగడమే కాదు, గాజుకి చెంప ఆనించాడు. మిగతావాళ్లకి ఆలస్యమైపోయింది. నా పుస్తకంలో ఉన్నవాళ్లలో సగం ఎంతవుతుందో లెక్కవేయబోయి ఆపేశాను.

గురువారం పదింటికి మొలక కేంద్రం వ్యాన్ వచ్చింది. అధికారి చిన్నవాడు, మర్యాదస్తుడు, చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చాడు. కాగితం ఇచ్చాడు. 'పంచాది రాజేశ్వరి పేరిట జారీ అయిన ప్రాణం లేని మారును స్వచ్ఛందంగా అప్పగిస్తున్నాను' అని ఉంది. కింద నా పేరు. ఇన్నేళ్లు ఇన్ని సంతకాలు పెట్టిన చేయి, అక్కడ మాత్రం పెట్టనని మొరాయించింది.

"పెట్టీండి, ఆయనకి మళ్లీ లేటవుతాది," అంది తను.

పెట్టాను. పిల్లులకి ఏ వేళకి ఏం పెట్టాలో చెప్పింది. చింతపండు డబ్బా ఎక్కడుందో చెప్పింది. మధ్యాహ్నానికి అన్నం వండి మూత పెట్టానంది. నేను గుమ్మంలో అడ్డంగా నిలబడి, అడగాల్సిన మాట మూడేళ్లు ఆలస్యంగా అడిగాను.

"నిన్నేటని పిలవాలో నాకిప్పటికీ తెల్దు. ఉన్న పేరు ఆవిడదైపోయింది."

"అక్కడ ఎర్రయ్యమ్మని ఒక ఆయా ఉండీది," అంది. "తొట్టిలో మొలకొచ్చిన పెసరగింజంత ఉన్నానంట మొదట సూసినప్పుడు. పెసరమ్మా, పెసరమ్మా అని అద్దం మీద కొట్టి పిలిసీది. నాకు గురుతున్నంతలో అదే మొట్టమొదటి మాట."

"మూడేళ్లు ఇంట్లో ఉండి ఒక్కసారీ చెప్పలేదేమే?"

"మీరడగనేదు కదా."

వీధిలోకి దిగింది. అధికారి ముందు నడుస్తున్నాడు. వెనక్కి చూడకుండా తీసుకెళ్లాలని వాళ్లకి రూలుందట. వ్యాన్ తలుపు తీశారు. ఊరు ఊరంతా వినపడేలా అరిచిన గొంతు నాది, అప్పుడు మాత్రం పీలగా వచ్చింది, పక్కింటికి కూడా వినపడి ఉండదు.

"పెసరమ్మా," అన్నాను.

మొదటి పిలుపుకే తిరిగింది. "ఏటండీ?" అంది.

"ఏటీ నేదు," అన్నాను. "ఎల్లిరా."